దారిబత్తెము - సొంత బండి

మన భాషలో జీతమును బత్తెమును జంటగానే నడచును. "జీతము బత్తెము లేకుండ తోడేలు మేకలు కాచెదనన్నదట" అను సామెత వినని తెలుగు ఇల్లు అరుదు. జీతము చేసిన పనికి ప్రతిఫలము. బత్తెము తిండి ఖర్చు. భక్తమను సంస్కృత పదమునకు వండిన అన్నమని అర్థము. దానికి వికృతియే బత్తెము. ఇల్లు విడిచి దూరము పోవువాడు మూటగట్టుకొను బియ్యము, పప్పులకు దారిబత్తెమని పేరు. తూర్పు ఇండియా కంపెనీవారు ఈ దక్షిణదేశపు మాటను 'బత్తా' అని పలికి, తమ లెక్కల పుస్తకములలో చేర్చుకొనిరి. నేడు మనము ప్రయాణమునుండి తిరిగివచ్చి నింపు టి.ఏ. బిల్లునకు మూలపురుషుడు ఆ బియ్యపు మూటయే.

యజమాని పనిమీద నౌకరు ప్రయాణము చేసినపుడు ఆ ఖర్చు ఎవరు భరింపవలెను? ప్రశ్న చిన్నదే. కాని దీనికై సైన్యములు తిరుగబడినవి, పల్లెలు కన్నీరు పెట్టుకొన్నవి.

1757 నాటి ప్లాసీ యుద్ధము తరువాత నవాబు మీర్ జాఫరు కంపెనీ సైన్యాధికారులకు రెట్టింపు బత్తెము ఇచ్చెను. అనుకోకుండ వచ్చిన ఈ లాభము కొలదికాలములోనే హక్కుగా స్థిరపడినది. క్లైవు 1766 జనవరి నుండి దానిని తీసివేయగా బెంగాలులోని తెల్ల అధికారులు కూడబలుకుకొని, మూకుమ్మడిగా రాజీనామాలకు సిద్ధపడిరి. క్లైవు స్వయముగా మోంఘీరునకు పోయి ఆ కుట్రను అణచెను. అందులో చేయికలిపిన సర్ రాబర్టు ఫ్లెచరు విచారణపాలై ఉద్యోగము పోగొట్టుకొనెను. ఆశ్చర్యమేమనగా, ఆ ఫ్లెచరే తరువాత మద్రాసు సేనాధిపతియై, 1776లో గవర్నరు పీగటును నిర్బంధించిన పక్షములో నిలిచెను!

తెల్లదొరల గొడవ ఇట్లుండగా, సిపాయిల బాధ వేరు. క్లైవు వెంట మద్రాసునుండి బెంగాలునకు పోయిన సిపాయిల మూలముననే ఉత్తరదేశములో సిపాయికి 'తిలంగా' అను పేరు వచ్చినది. మన పేరు అంత దూరము పోవుటకు కారణము ఈ కూలిదండు ప్రయాణములే. కంపెనీ రాజ్యపు ఎల్ల దాటిన సిపాయికి ప్రత్యేక బత్తెము ముట్టెడిది. 1843లో కంపెనీ సింధుదేశమును జయించి తన రాజ్యములో కలుపుకొన్నది. ఇక సింధు పరదేశము కాదు గనుక బత్తెము లేదన్నారు. గెలిచినందుకు సిపాయికి దక్కిన బహుమానము బత్తెము కోత! బెంగాలు దళములలో కొన్ని సింధునకు కదలమని మొండికెత్తినవి. 34వ పదాతిదళమును 1844లో రద్దుచేసిరి. మద్రాసు సిపాయిలలోను ఇదే అలజడి రేగినది. పటముమీద గీత మారినంత మాత్రమున దారి తగ్గునా, తిండి ధర తగ్గునా? లెక్కలవారి తర్కమునకును నడచువాని కాళ్లకును గల దూరము ఇక్కడ స్పష్టముగా కనిపించును.

సివిలు ఉద్యోగుల ప్రయాణములు మరియొక విధము. పల్లకీలు, గుఱ్ఱములు, ఎడ్లబండ్లు, డేరాలు; కలెక్టరు సర్కీటు కదలినచో అది ఒక చిన్న ఊరు కదలినట్లే. పల్లకి మోయు మన బోయీల పేరే ఇంగ్లీషువారి నోట 'బాయ్'గా మారినదని పదశోధకులు చెప్పుదురు. దొరగారి ఖర్చు సర్కారు పద్దులో ఉండవచ్చును. కాని దారిలోని పల్లెకు మిగిలినది మోత, మేత, కట్టెలు, కోళ్లు. దీనినే మనవారు వెట్టి యన్నారు. నిజాం పాలనలోని తెలంగాణమున పర్యటనకు వచ్చిన ఉద్యోగికి బండ్లు కట్టుటయు, సామాను మోయుటయు, తిండి సరకులు సమకూర్చుటయు వెట్టిలో భాగములు. ఆంధ్ర జనసంఘమును, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభయు వెట్టిని తమ ప్రధాన సమస్యలలో ఒకటిగా చేపట్టినవి. హిమాలయ ప్రాంతపు కుమావూను సీమలో సామాను మోతకు 'కూలీ ఉతార్' అనియు, సరకుల సరఫరాకు 'కూలీ బర్దాయిశ్' అనియు పేర్లుండెడివి. ఏ ఇంటివాడు ఎన్నిమారులు మోయవలెనో ఊరిపెద్దలు రిజిస్టరులో వ్రాసెడివారు. 1921 జనవరిలో, మకరసంక్రాంతి నాటి బాగేశ్వరము తిరునాళ్లలో, బదరీదత్త పాండే మున్నగువారి నాయకత్వమున జనులు ఆ రిజిస్టరులను సరయూ నదిలో పారవేసిరి. ఆ పుస్తకములు నీటిపాలగుటతో అధికారి దారిఖర్చు కొండజనము మెడపైనుండి దిగినది.

ఆ మరుసటి యేడే, 1922 జనవరి 1 నుండి, కేంద్ర ప్రభుత్వోద్యోగులు నేటికిని తలచుకొను ఫండమెంటల్ రూల్సు అమలులోనికి వచ్చినవి. ఒకదానికొకటి కారణమని నేననుట లేదు. కాని వానిలో 44వ నిబంధన నాకు మిక్కిలి ఇష్టమైనది: భత్యము మొత్తముమీద పొందువానికి లాభసాధనము కారాదని దాని సారము. మోంఘీరు అధికారులు వినియుండవలసిన మాట యిది. వెంటవచ్చిన సప్లిమెంటరీ రూల్సులో గుఱ్ఱపు భత్యమున్నది, వాహన భత్యమున్నది, దినభత్యమున్నది, మైలేజియు నున్నది. నడచిన దూరమునుబట్టి లెక్కగట్టి ఒకానొక ప్రయాణపు ఖర్చునకై యిచ్చునది మైలేజి. దారులు రెండున్నచో దగ్గరిదారికే లెక్క. కేంద్రస్థానమునుండి అయిదు మైళ్ల లోపల తిరిగినంత మాత్రమున దినభత్యము లేదు. ఆ అయిదు మైళ్లే తరువాత ఎనిమిది కిలోమీటర్లయినవి.

గుఱ్ఱము పోయి సొంత మోటారు వచ్చినపుడు చిక్కు పెరిగినది. ఎడ్లబండి బాడుగకు ఇచ్చినంత కనబడును. సొంత కారు ఖర్చులో సగము కనబడదు. పెట్రోలు బిల్లు చేతిలో నుండును; టైర్ల అరుగుదల, ఇన్సూరెన్సు, మరమ్మతు, ఏటేట తగ్గు బండి విలువ చేతికి చిక్కవు. మైలేజి రేటు వీనినన్నిటిని కలిపి వేసిన సరాసరి. పెట్రోలు డబ్బులు చేతబెట్టి 'సరిపోయినది గదా' అను చిన్న కంపెనీ యజమాని, తెలియకయే తన నౌకరు బండిని కొంచెము కొంచెముగా తినుచున్నాడు. అట్లే, ఇంటినుండి కార్యాలయమునకు వచ్చిన దూరమును కూడ ఆఫీసు పనిలో కలిపి వ్రాయు నౌకరు ఆ కంపెనీని తినుచున్నాడు. వాహన భత్యమునకు సర్కారు నిబంధనలు ఇల్లు-ఆఫీసు రాకపోకలను విడిచి, డ్యూటీమీద నెలకు సరాసరి ఎంత తిరిగినారని అడుగుట ఇందుకే. లాగ్ పుస్తకము విసుగే. అయినను నోటిమాటకంటె దానినే ఇరువురును నమ్మగలరు.

రేటెంత అను తగవు మాత్రము తీరునది కాదు. ఏడవ వేతన సంఘము తరువాత 2017లో వెలువడిన ఉత్తరువు, రాష్ట్ర రవాణా శాఖ రేట్లు నిర్ణయింపని చోట్ల, టాక్సీ లేక సొంత కారునకు కిలోమీటరునకు 24 రూపాయలు, ఆటో లేక సొంత స్కూటరునకు 12 రూపాయలు అని నిర్ణయించినది. కరవు భత్యము 50 శాతము పెరిగినపుడెల్ల ఈ రేట్లు 25 శాతము పెరుగవలెనని కూడ అందులోనే చేర్చిరి. మారు ధరలకు రేటును ఇట్లు ముందుగానే ముడిపెట్టుట మెచ్చదగినది. లేనిచో ప్రతి మార్పునకును ఒక మహజరు, దానికొక కమిటీ.

1960 ప్రాంతముల మైళ్లు కిలోమీటర్లయినవి; 1957లో అణాలు నయాపైసలయినవి. ఆ దినములలో పాత పట్టికల మైళ్లను కిలోమీటర్లలోనికి మార్చుటకు గుమాస్తాలు పడిన తంటాలు ఇన్నన్ని కావు. రోడ్డుమీద మైలురాయి పోయినను బిల్లుమీద మైలేజి అను పేరు మాత్రము చెక్కుచెదరలేదు.