తన వ్రాతను తానే దిద్దుకొనిన పాదిరి



వానకాలమున మీ ఊరి చెరువుగట్టున నిలిచి నీటిలోనికి చూచినయెడల, తోకలతో ఈదులాడు నల్లని చిన్న జీవులు గుంపులు గుంపులుగా కనబడును. పిల్లలు వాటిని చేపపిల్లలనుకొని దోసిళ్లతో పట్టుదురు. కొన్ని వారములు గడచునప్పటికి వాటికి కాళ్లు వచ్చును, తోక కరగిపోవును, అవి కప్పలై గట్టుమీదికి గంతులు వేయును. ఈ మార్పును కన్నులార చూడనివాడు, “ఇది యొక జీవి, అది వేరొక జీవి” అని నిశ్చయముగా చెప్పినను మనము వానిని నిందింపరాదు. పొరపడుట ఎవరికైనను కలుగునదే. తన పొరపాటును తానే కనుగొని, పదిమంది యెదుట దానిని ఒప్పుకొని దిద్దుకొనుట మాత్రము అరుదు. అట్లు చేసిన ఒక గ్రామ పాదిరిగారి చరిత్రను ఈ మాసము మీకు చెప్పగోరుచున్నాను.

పటము తెరచి ఐరోపా ఖండపు ఉత్తరపు కొసను చూడుడు. అక్కడ నార్వే దేశపు పడమటి తీరమంతయు చినిగిన గుడ్డ అంచువలె కనబడును. పూర్వము మంచుగడ్డలు నదులవలె మెల్లగా కదలుచు కొండలను తొలిచి లోయలు చేసెను. ఆ మంచు కరగినపుడు సముద్రము ఆ లోయలలోనికి చొచ్చుకొనివచ్చెను. ఇరుప్రక్కల నిటారుగా కొండలు, నడుమ సన్నని ఉప్పునీటి పాయ. వీటికే ఫియోర్డులని పేరు. సోగ్నె ఫియోర్డు అను దాని లోతు సుమారు 1,300 మీటర్లు. ఈ నీటిలో కంటికి ఆనీ ఆనని జీవులు లెక్కలేనన్ని కలవు. అవి ప్రవాహమునకు ఎదురీదలేక, నీరు ఎటు పోయిన అటు పోవుచుండును. కావున వాటిని జంతు ప్లవకములని పిలుచుచున్నారు. గొప్ప చేపలకును తిమింగలములకును మూలాహారము వీటిలోనే యున్నది.

ఈ జీవులను గూర్చి మొదట శ్రద్ధ వహించినవారిలో ఒక బిషప్పుగారు ఉండెను. ఆయన పేరు యోహాన్ ఎర్న్‌స్ట్ గున్నెరుస్. ఆయన 1758లో ట్రోన్‌హెయిమ్ నగరపు బిషప్పాయెను. ఆయన విచారణ ఉత్తర ధ్రువప్రాంతమైన ఫిన్‌మార్క్ వరకు వ్యాపించియుండెను. సంఘములను దర్శించుటకు పోయిన దారిలోనే ఆయన మొక్కలను, చేపలను, పురుగులను పరిశీలించెడివాడు. 1760లో మరి ఇద్దరు విద్వాంసులతో కలిసి ఒక విద్యాసమాజమును స్థాపించెను. 1770లో ఆయన వడ్లగింజకంటె చిన్నదైన ఒక సముద్రజీవిని వర్ణించి, ఫిన్‌మార్క్ పేరు దానికి పెట్టెను. నేడు శాస్త్రజ్ఞులు దానిని కాలనస్ ఫిన్‌మార్కికస్ అందురు. దాని సంగతి మరల చెప్పుదును.

ఇప్పుడు మన పాదిరిగారిని చూతము. మికాయెల్ సార్స్ 1805లో బెర్గెన్ పట్టణమున జన్మించెను. ఆయన వేదాంతశాస్త్రము చదువుకొని, 1831లో కిన్ అను తీరప్రాంతపు విచారణకు పాదిరిగా వెళ్లెను. అది దీవుల విచారణ. రోగిని చూడవలెనన్నను, బిడ్డకు బాప్తిస్మమియ్యవలెనన్నను పడవ ఎక్కవలసినదే. ఇంటిలో పిల్లలు అనేకులు. అయినను పడవలో పోవు ఆ మనుష్యుడు నీటిలోనికి చూడక మానలేదు.

పాదిరి కాకమునుపే, 1829లో, ఆయన ఒక చిన్న పుస్తకము ప్రచురించియుండెను. అందులో రెండు క్రొత్త జీవులను వర్ణించి వాటికి పేర్లు పెట్టెను. ఒకటి రాతికి అంటుకొని, పూవువలె తంతువులు చాచుకొనియుండు అతి చిన్న జీవి. దానికి స్కైఫిస్టోమా అని పేరు. రెండవది పళ్లెములు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండు జీవి; దానికి స్ట్రోబిలా అని పేరు. అట్టి యువకునికి ఇది ఎంత గొప్ప సంతోషమో ఊహింపుడు. తాను పెట్టిన పేర్లు శాస్త్రగ్రంథములలో చేరుచున్నవి!

అయితే ఆయన చూచుట మానలేదు. చూడగా చూడగా ఒక సంగతి బయలుపడెను. రాతికి అంటుకొనియున్న ఆ పూవువంటి జీవియే కొంతకాలమునకు అడ్డముగా నొక్కులు పడి, పళ్లెముల దొంతరగా మారుచున్నది! అనగా రెండు జీవులు లేవు, ఉన్నది ఒక్కటియే. పిమ్మట ఆ దొంతరలోని ఒక్కొక్క పళ్లెము విడిపోయి, ఎనిమిది చేతుల నక్షత్రమువలె ఈదుకొనిపోవుచున్నది. ఈ సంగతిని ఆయన 1835లో ప్రకటించెను. ఆ నక్షత్రము పెరిగి ఏమగును? మన సముద్రతీరమున అలలు ఒడ్డుకు విసరివేయు జెల్లీచేపను మీలో కొందరు చూచియుందురు. అదే అగును. జెల్లీచేప గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల కొంతకాలము ఈది, రాతికి గాని గవ్వకు గాని అంటుకొని, మరల పూవువంటి జీవి యగును. ఈ చక్రమంతయు సార్స్ 1841లో విపులముగా వ్రాసి ప్రచురించెను.

చూచితిరా? బిడ్డ తల్లిని పోలదు. మనుమరాలు అమ్మమ్మను పోలును. 1842లో స్టేన్‌స్ట్రుప్ అను డెన్మార్కు పండితుడు ఇట్టి మార్పులన్నిటిని కూర్చి “తరముల మార్పిడి” అను సిద్ధాంతమును గ్రంథముగా వ్రాసెను. ఆ సిద్ధాంతమునకు ముఖ్యమైన ఆధారములలో సార్స్ పరిశీలన ఒకటి. తాను కనుగొంటినని ప్రకటించిన రెండు జీవులను ఆయన పోగొట్టుకొనెను. వాటికి బదులుగా ఒక సత్యమును సంపాదించెను. నేటికిని ఆ రెండు పేర్లు పుస్తకములలో నున్నవి. అయితే రెండు జాతుల పేర్లుగా గాక, ఒకే జీవితములోని రెండు దశల పేర్లుగా నిలిచియున్నవి.

1840లో ఆయన మాంగెర్ అను మరియొక విచారణకు మారెను. 1854లో రాజధానియందలి విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యునిగా పిలిచెను. 1869లో ఆయన మరణించెను.

కిన్ విచారణలో ఉన్నప్పుడే, 1837లో, ఆయనకు గెయోర్గ్ ఒసియాన్ అను కుమారుడు కలిగెను. తండ్రి పరిశోధనను కుమారుడు కొనసాగించెను. లోఫోటెన్ దీవులయొద్దకు ప్రతి చలికాలము కాడ్ చేపలు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. వేలాది జాలరులకు అదే జీవనము. ఒక ఏడు వలలు నిండును, మరియొక ఏడు ఇల్లు గడవదు. కారణము తెలిసికొనుమని 1864లో ప్రభుత్వము ఈ కుమారుని పంపెను. కాడ్ చేప గ్రుడ్లు సముద్రపు అడుగున ఉండునని అనేకులు తలంచిరి. ఆయన అవి పైనీటిలో తేలుచుండుట చూచెను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లయు నీటితో కొట్టుకొనిపోవు ప్లవకమే యని ఆ విధముగా తెలిసెను.

మరి ఆ పిల్లకు ఆహారమేమి? పుట్టినపుడు దాని పొట్టక్రింద కొంచెము పచ్చసొన యుండును. అది కొన్ని దినములలో అయిపోవును. తరువాత అది ముఖ్యముగా తినునది గున్నెరుస్ బిషప్పుగారు పేరుపెట్టిన ఆ కాలనస్ యొక్క పిల్లలనే. యోహాన్ యోర్ట్ అను నార్వే శాస్త్రజ్ఞుడు చేప పొలుసులమీది వలయములను లెక్కించి వాటి వయస్సు తెలిసికొనెను. 1904లో పుట్టిన హెర్రింగు చేపలే అటుపిమ్మట అనేక సంవత్సరములు వలలను నింపెనని ఆయన చూపెను. పిల్లలు పుట్టిన దినములలో ఆహారము దొరకిన ఏడు సమృద్ధి, దొరకని ఏడు కరవు అని 1914లో ఆయన అభిప్రాయము తెలిపెను. ప్రవాహములు, శత్రుజీవులు మొదలగు ఇతర కారణములును గలవని తరువాతివారు చూపిరి. అయినను కాలము తప్పిన పిల్లకు బ్రదుకు కష్టమన్నమాట నిలిచియున్నది.

కావున కాలనస్ ఎప్పుడు గ్రుడ్లు పెట్టునన్నది జాలరి ఇంటి అన్నపు మాట. స్కాట్లండు దేశపు ఫియోర్డులలో షీనా మార్షల్ అను విదుషీమణియు, ఆమెతోకూడ పనిచేసిన ఆర్ అను శాస్త్రజ్ఞుడును ఎన్నో సంవత్సరములు ఈ జీవినే పరిశీలించి, 1955లో దానినిగూర్చి ఒక గ్రంథము ప్రచురించిరి. తల్లి జీవికి మేత సమృద్ధిగా దొరకినపుడు గ్రుడ్లు ఎక్కువ, మేత లేనపుడు తక్కువ అని వారు గాజు పాత్రలలో పెంచి లెక్కించిరి. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల పదునొకండు మారులు చర్మము విడిచి పెద్దదగును.

ఉత్తర నార్వేలో ట్రోమ్సో పట్టణమునకు దక్షిణమున బాల్స్‌ఫియోర్డు కలదు. ఆ ప్రాంతమున నవంబరు కడపటినుండి జనవరి నడిమివరకు సూర్యుడు ఉదయింపడు. వెలుతురు లేనిదే నీటిలోని సూక్ష్మమైన మొక్కలు పెరుగవు. అప్పుడు కాలనస్ ఏమిచేయును? అది పెద్దదగుటకు ఒక్క మెట్టు తక్కువగా నిలిచిపోయి, దేహములో నూనె నిలువచేసికొని, ఫియోర్డు అడుగునకు దిగి, మేతలేకయే చలికాలము గడుపును. చలికాలాంతమున చివరి చర్మము విడిచి పైకి వచ్చును. వసంతమున వెలుతురు పెరిగి నీరు పచ్చబారగానే గ్రుడ్లు పెట్టును. స్కాట్లండున ఏడాదికి ఒకటికంటె ఎక్కువ తరములు పుట్టగా, బాల్స్‌ఫియోర్డులో ఒక్క తరమే యని ట్రోమ్సో పరిశోధకులు 1982లో ప్రచురించిరి. ఉన్నది ఒక్క అవకాశము. అది తప్పినయెడల మరుసటి సంవత్సరమే. నేడు సముద్రము వేడెక్కుచుండగా ఈ జీవి దక్షిణమున తగ్గి ఉత్తరమునకు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు గమనించియున్నారు. దానిని నమ్ముకొన్న చేపలు ఏమగునన్నది వారి చింత.

చదువరులారా, ఈ చరిత్రనుండి మనమేమి నేర్చుకొందుము? చిన్నదానిని చులకనచేయరాదనియు, చీకటి కాలమున ఓపిక పట్టవలెననియు మీరే చెప్పుదురు. అది నిజమే. నాకు అంతకంటె దగ్గరగా తోచునది పాదిరిగారి దిద్దుబాటు. మన ఊళ్లలో పెద్దల కూటములందు, అన్నదమ్ముల పంపకములందు, ఒకమారు నోరు జారిన మాటను వెనుకకు తీసికొనుట ఎంత కష్టమో మీకు తెలియును. “నేనట్లు అంటిని గనుక అట్లే యుండవలెను” అని పట్టుబట్టి, తరతరములు పలుకరించుకొనని ఇండ్లు ఎన్ని లేవు? అచ్చుపడి, తన పేరుతో దేశములు తిరిగిన వ్రాతను మికాయెల్ సార్స్ దిద్దుకొనెను. ఎవరును ఆయనను బలవంతపెట్టలేదు. ఆయన చేసినదెల్ల మరియొకమారు పాత్రలోనికి చూచుటయే.

మీరు పొరపడి అన్న మాట ఒకటి ఎవరి ఇంటిలోనైన ఇంకను నిలిచియున్నయెడల, రాబోవు ఆదివారమునకు ముందే ఆ గడప తొక్కుడు. “నేను అప్పుడు సరిగా చూడలేదు, ఇప్పుడు చూచితిని” అను రెండు మాటలు చాలును.