గోడ దిగి గదిలోనికి వచ్చిన పిల్లి

ఏ పక్షమును నిశ్చయించుకొనని మనుష్యుని మనవారు ‘గోడమీది పిల్లి’ అందురు. ఆ మాటలో నింద యున్నది గాని, పిల్లి చరిత్రను అంత క్లుప్తముగా చెప్పిన మాట మరియొకటి లేదు. వేల సంవత్సరములుగా పిల్లి మన ఇంటికిని వీధికిని నడుమ గోడమీదనే కాపురము చేసినది. ఇటు దూకిన మనది. అటు దూకిన ఎవరిదియు కాదు. దానిని గోడ దించి, తలుపు మూసి, పూర్తిగా ఇంటి ప్రాణిని చేయవలెనను కోరిక మాత్రము మిక్కిలి క్రొత్తది. వీధిలో దొరికిన పిల్లికూనను ఇంటికి తెచ్చుకొనువారు ఈ చరిత్ర కొంత తెలిసికొనుట అవసరము. తెలియక చూపిన దయ ఒక్కొక్కప్పుడు ఆ కూన ప్రాణము మీదికే వచ్చును.

పిల్లిని మనిషి పట్టి తేలేదు. అది తానే వచ్చినది. పశ్చిమాసియాలో మానవుడు ధాన్యము పండించి నిలువచేయ నారంభించిన పిదప, ధాన్యమునకై ఎలుకలు, ఎలుకలకై అడవిపిల్లులు పల్లెలను చేరినవి. సైప్రస్ ద్వీపములో షిల్లూరోకాంబోస్ అను చోట సుమారు 9,500 ఏండ్లనాటి సమాధి ఒకటి బయటపడినది. అందు మనుష్యునికి మూరెడు దూరమున ఒక పిల్లియు పూడ్చబడి యున్నది. ఫ్రెంచి పురావస్తు పరిశోధకులు 2004లో ఈ సంగతి ప్రకటించిరి. ఆ ద్వీపమున పిల్లులు స్వతస్సిద్ధముగా లేవు. కనుక ఎవరో పడవపై తెచ్చి యుండవలెను. నేటి పెంపుడు పిల్లులు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల అడవిపిల్లి సంతతియే యని 2007లో జన్యు పరిశోధన తేల్చినది.

మన దేశమున పిల్లిని పూర్వులు శ్రద్ధగానే గమనించిరి. మార్జాలమను పేరే ‘తుడుచుట, శుభ్రపరచుట’ అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. 7వ శతాబ్దమునాటి మహాబలిపుర శిల్పములో తపస్సు చేయు పిల్లియు, దాని పాదములచెంత ఎలుకలును నేటికిని కాననగును. తెలుగు పల్లెలలో గాదె, గరిసె, పాతర ఉన్నచోటనెల్ల పిల్లికి చోటుండెను. ఒప్పందము సులువైనది: గృహస్థుడు ఇంత పెరుగన్నము పెట్టును, పిల్లి ఎలుకలను పట్టును, రాకపోకలు దాని ఇష్టము. దాని మాంసాహారము, మలవిసర్జనకు మన్ను, ఎక్కుటకు చెట్టు, దాగుటకు అటక, ఇవన్నియు పెరడును వీధియు సమకూర్చెడివి. గృహస్థుడు వానిగూర్చి తలపోయవలసిన పనియే లేకుండెను.

హైదరాబాదు తూర్పు కొసనున్న చర్లపల్లిని చూడుడు. పేరులో పల్లె నిలిచియున్నది గాని, ఊరు పారిశ్రామికవాడ అయినది. 2025 జనవరి 6న అచ్చట పెద్ద రైల్వే టెర్మినల్ ప్రారంభమైనది. ఉప్పల్, నాచారం వైపునను అపార్టుమెంట్లు లేచినవి. గాదెయు లేదు, పెరటిగోడయు లేదు. పిల్లి మాత్రము పోలేదు. సెల్లారులో స్కూటర్ల చాటున పిల్లలను పెట్టుచున్నది. అట్టి కూన అరుపు విని మూడవ అంతస్తునకు తెచ్చుకొన్న కుటుంబము, తెలిసియో తెలియకయో, ఆ పాత ఒప్పందమును మార్చుచున్నది. తలుపు మూసిన క్షణమునుండి వీధి ఇచ్చుచుండిన ప్రతిదియు మనమే ఈయవలెను.

తెచ్చుటకు ముందొక మాట. ఒంటరిగా కనబడిన ప్రతి కూనయు అనాథ కాదు. తల్లి ఆహారమునకై పోయి యుండవచ్చును. పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని చోటు మార్చుచుండవచ్చును. తల్లి కరచుకొన్నంతనే కూన కదలక లోబడునన్న సంగతినే మన వైష్ణవాచార్యులు మార్జాల న్యాయమని శరణాగతికి దృష్టాంతముగా చెప్పిరి. కూనకు అపాయము లేనిచో, కొన్ని గంటలు దూరమునుండి కనిపెట్టి చూచి, తల్లి రానిచో చేరదీయుట యుక్తము.

ఇక ఆహారము. పిల్లి యనగానే మనకు పాలగిన్నె తోచును. కాని తల్లిపాలు మానిన పిదప పెక్కు పిల్లులకు పాలలోని చక్కెర అరగదు. ఆవుపాలు, గేదెపాలు త్రాగిన చిన్నకూనకు విరేచనములు పట్టి, ఒంటిలోని నీరు పోయి, ప్రాణాపాయము కలుగవచ్చును. ఇంకను పాలు మానని పసికూనకు పిల్లికూనలకై తయారుచేసిన పాలపొడియే వాడవలెను. పెరుగన్నపు సంగతియు ఇట్టిదే. మాంసములో నుండు టారిన్ అను పదార్థము లోపించిన పిల్లి కంటిచూపు చెడునని 1975లోను, గుండె కండరము క్షీణించునని 1987లోను అమెరికా పరిశోధకులు తెలిపిరి. మన తాతలనాటి పిల్లి పెరుగన్నముతో బ్రదికినదన్న మాట సగమే నిజము. తక్కిన సగము అది పట్టిన ఎలుక. తలుపు మూసిన ఇంట ఎలుక లేదు. కనుక శాకాహార గృహమైనను పిల్లికి తగిన సమగ్రాహారము కొని పెట్టక తప్పదు.

రెండవది మన్ను. పిల్లి మలమును పూడ్చునట్టి శుచిగల జంతువు. పూర్వము చలిదేశములలో పెట్టెలో బూడిదయో ఇసుకయో పోసెడివారు. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అను వ్యాపారి, ఇసుకకు బదులుగా తేమను పీల్చు ఎండుమట్టిని ఒక ఇల్లాలికిచ్చి, పిదప దానినే సంచులకెత్తి అమ్మెను. పిల్లి వీధి మొగము చూడకయే ఇంట నుండుటకు వీలు కల్పించిన కారణములలో ఈ మట్టిసంచి ముఖ్యమైనది. మన ఇండ్లలో వెడల్పు తొట్టిలో శుభ్రమైన ఇసుక పోసినను చాలును. అది అన్నపు గిన్నెకు దూరముగా నుండవలెను. దినదినము శుభ్రము కావలెను. తొట్టిని, నేలను ఫినాయిలుతో కడుగరాదు. అది పిల్లికి విషము. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ మాత్రయు అట్టిదే.

మూడవది భయము. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఎరుగనివారుండరు. ఎలుకల బాధ తీర్ప కృష్ణదేవరాయలు ఇంటింటికి పిల్లినిచ్చి, దాని పాలకై ఆవునిచ్చెనట; రామకృష్ణుడు మొదటనే కాగిన పాలు పెట్టగా, మూతి కాలిన పిల్లి మరల పాలగిన్నె చూచిన పారిపోయెనట. ఇది చరిత్ర కాదు, కథయే. కాని పిల్లి మొదటి అనుభవమును మరువదనుట నిజము. 1980వ దశకములో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున ఎలీన్ కార్ష్ జరిపిన పరిశోధనలు, రెండవ వారమునుండి ఏడవ వారము వరకు మనుష్యుల చేతిలో మెలగిన కూనలే సులువుగా మచ్చికయగునని తెలిపినవి. ఆ ప్రాయము దాటిన వీధికూనకు ఓర్పు ఎక్కువ కావలెను.

అందుచే మొదటి దినములలో ఇల్లంతయు చూపక ఒక్క చిన్నగదినే ఈయుడు. అట్టపెట్టెకు కంత కోసి అందు పాతచీర పరచిన అదియే దాని అటక. పట్టుకొనబోక నేలపై కూర్చుండి, మెల్లగా మాటలాడుడు; అదియే దగ్గరకు రావలెను. కనులు మూసి పాలు త్రాగునని మనము పిల్లిని ఎగతాళి చేయుదుము. కాని మనిషి కనులు మెల్లగా మూసి తెరచిన పిల్లి దానిని స్నేహముగా గ్రహించునని 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. చెట్టునకు బదులొక ఎత్తైన బల్ల, ఎలుకకు బదులొక తాడుకు కట్టిన గుడ్డపీలిక ఉండవలెను. బాల్కనీకి వల కట్టుట మరువరాదు. మేడలపైనుండి పడి చికిత్సకు వచ్చిన 132 పిల్లుల వృత్తాంతమును న్యూయార్కు పశువైద్యులు 1987లోనే వెల్లడించి యున్నారు.

కూనను వెంటనే పశువైద్యునికి చూపి, మూడు నెలల ప్రాయమున రేబీస్ టీకా వేయించుడు. కరచినను గోరు గీరినను ఆ చోటును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక మీరును వైద్యుని కడకు పోవలెను.

కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు కారణముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. పెంచిన జంతువును తగిన కారణము లేక ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచిపెట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. ముద్దుతీరిన పిదప సెల్లారులో మరల దింపిన పిల్లి, వెనుకటి పిల్లి కాదు. వేటను, వీధి జాగ్రత్తను అది నేర్వకుండ మనమే చేసితిమి. గోడమీది పిల్లికి రెండు దిక్కులుండెను. గోడ దించి తెచ్చుకొన్న పిల్లికి మన ఇల్లొక్కటే దిక్కు.