షోలవరం కార్ల పందేలు

మంట కాస్త ఎగదోయ్ అబ్బయ్యా, చెప్తా. మన సూళ్లూరుపేట మీదుగా మద్రాసు పొయ్యే రోడ్డుందే, దాని పక్కనే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయినాక ఆ నేల మీదికి కార్లొచ్చినయ్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బోళ్లు పందేలు పెడుతుంటే మేం కుర్రకారు బస్సెక్కి పొయ్యేవాళ్లం. నీడ అనేది ఉండేది కాదు. రోడ్డు మీద తిరిగే ఫియట్లనే విప్పి, బరువు తగ్గించి, ఇంజన్‌లో మార్పులు చేసి తెచ్చేవాళ్లు. కొన్ని బళ్లలో ఆముదంతో చేసిన ఆయిల్ పోసేవాళ్లు. అది కాలిన వాసన ఇంటికొచ్చినా చొక్కాని వదిలేది కాదు.

పందెంకార్లు తోలేవాళ్లలో కోయంబత్తూరోళ్లు చాలామంది. మిల్లులు, వర్క్‌షాపుల ఊరు కదా, ఇంజన్ విప్పి బిగించడం చిన్నప్పుడే అబ్బేది. ఆ ఊరి కరివర్ధన్ మారుతి ఇంజన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. తక్కువ ఖర్చులో కుర్రోళ్లకు రేసు కారు అందిందంటే ఆయన చలవే. 1995లో విమాన ప్రమాదంలో పొయ్యాడు, మహానుభావుడు. ఆ ఫార్ములా మారుతి కార్లతోనే మొదలుపెట్టాడు నారాయణ్ కార్తికేయన్. వాళ్ల నాయన కూడా ర్యాలీ ఛాంపియనే.

నారాయణ్ చిన్న వయసులోనే ఫ్రాన్సులో రేసింగ్ స్కూలుకు, ఆనక ఇంగ్లండుకు పొయ్యాడు. 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్ అయ్యాడు. అయినా పైమెట్టు ఎక్కడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. స్పాన్సర్ డబ్బు తెస్తేగాని సీటివ్వరు, సీటుంటేగాని స్పాన్సర్ రాడు. 2005లో, 28 ఏళ్లప్పుడు, జోర్డాన్ టీమ్ తీసుకుంది. ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు అతనే.

ఆ ఏడు అమెరికాలోని ఇండియానాపోలిస్ రేసులో మిషెలిన్ టైర్ల మీద నమ్మకం లేదని 14 కార్లు మొదట్లోనే తప్పుకున్నాయి. మిగిలిన ఆరింటిలో మనోడు నాలుగోవాడు. 5 పాయింట్లొచ్చాయి. "ఆరింట్లో నాలుగు ఓ లెక్కా?" అని కొందరు తీసిపారేస్తారు. నాకు ఒళ్లు మండుద్ది. ఆ కార్లలో వంపు తిరిగితే తల బరువు నాలుగైదింతలై మెడను లాగుద్ది. రేసు ముగిసేసరికి రెండు మూడు కిలోలు చెమటై పోతాయి. గంటన్నర అట్టా తోలి, బండిని గోడకు తగలకుండా తెచ్చినోడి కష్టం లెక్కలోకి రాదా? అసలు ఏ బండిచ్చారో చూడకుండా డ్రైవర్ని కొలవకూడదబ్బయ్యా.

2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి ఫార్ములా వన్ రేసు, అదే గ్రాండ్ ప్రి, జరిగింది. అప్పుడు నారాయణ్ హెచ్‌ఆర్‌టీలో ఉన్నాడు. ఎప్పుడూ వెనక వరుసల్లో ఉండే టీమ్ అది. 17వ స్థానంలో ముగించాడు. అదే టీమ్‌లో, అదే రకం బండిలో డానియల్ రికార్డో అని ఒక ఆస్ట్రేలియా కుర్రోడు. తర్వాత మంచి బళ్లు దొరికి ఆ కుర్రోడు ఎనిమిది గ్రాండ్ ప్రిలు గెలిచాడు. ఆ రోజు మాత్రం మనోడి వెనక, 18వ వాడిగా వచ్చాడు.