పంక్తి నుంచి బర్గరు బల్లదాకా

హైదరాబాదు నుంచి పడమరగా బీజాపూరు వెళ్ళే రహదారి మీద మొయినాబాదు, చేవెళ్ళ వున్నాయి. పాత మర్రిచెట్ల నీడ ఇంకా మిగిలివున్న ఆ దారి పక్కన, టీకొట్లతోపాటు బర్గరు అమ్మే దుకాణాలు కూడా ఈనాడు కనిపిస్తాయి. సాయంకాలమయ్యేసరికి చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు, చిలుకూరు గుడికి వచ్చి తిరిగిపోయేవారు, ఫాంహౌసులకు వెళ్ళే నగరవాసులు అక్కడ ఆగుతారు. ముందుగా డబ్బు చెల్లిస్తారు; వంతు కోసం నిలబడతారు; కాగితంలో చుట్టిన రొట్టెను చేతికి తీసుకుని, ఖాళీగా వున్న బల్ల దగ్గర కూర్చుంటారు. పక్కన కూర్చున్నవాడు ఎవరని ఎవరూ అడగరు.

దీనిని గూర్చి మనలో రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. బర్గరు అమెరికన్ పెట్టుబడి పంపిన తిండి కనుక దానిని తిరస్కరించడమే అభ్యుదయమని ఒక వర్గం అంటున్నది. సంస్కర్తలు శతాబ్దకాలం శ్రమించినా పోని పంక్తిభేదాన్ని మార్కెటు ఒక్క దెబ్బతో తుడిచివేసిందని మరొక వర్గం అంటున్నది. రెండింటిలోనూ కొంత నిజం వున్నది. అయితే చరిత్రను పక్కనపెట్టినప్పుడే కొంత నిజం పూర్తి నిజంగా చెలామణి అవుతుంది. కనుక ఈ బల్ల మన దగ్గరికి ఏ దారిన వచ్చిందో ముందు చూడాలి.

1948కి పూర్వం తెలంగాణా పల్లెలో పరాయివాడికి వండిపెట్టడం తరచుగా వెట్టిలో భాగం. అధికారి మకాం వేస్తే గొల్లలు మేకను ఇవ్వాలి. కుమ్మరులు కుండలు తెచ్చి వంటపనికి కూడా నిలబడాలి. చాకళ్ళు, మంగళ్ళు సేవలు చెయ్యాలి. మాల మాదిగలు కబుర్లు మొయ్యాలి, మూటలు మొయ్యాలి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన తెలంగాణా పోరాట చరిత్రలో ఈ నిర్బంధాన్ని కులంవారీగా వివరించారు. మేకను ఇచ్చినవాడికి గాని, కుండ తెచ్చినవాడికి గాని ఆ పంక్తిలో చోటు లేదు. 1946-51 మధ్య జరిగిన సాయుధపోరాటం బద్దలుకొట్టిన వాటిలో వెట్టి ముఖ్యమైనది. వండేవాడు తన శ్రమకు కూలి అడగగల మనిషి కావడం చిన్న మార్పు కాదు. నేడు బర్గరు దుకాణంలో టోపీ పెట్టుకుని నిలబడిన కుర్రవాడికి నెలజీతమనే హక్కు వున్నదంటే, దాని వెనుక ఆ పోరాటం కూడా వున్నది.

ఇక నగరంలోని సంగతి. ఇరాన్ నుంచి వలసవచ్చినవారు హైదరాబాదులో పెట్టిన హోటళ్ళలో పాలరాతి బల్ల చుట్టూ గుమాస్తా, రిక్షా కార్మికుడు, విద్యార్థి, కవి కూర్చున్నారు. ఒక కప్పు చాయ్ వెల చెల్లించగలిగినవాడికి కుర్చీ దొరికింది. ఇది మన నగరజీవితానికి దక్కిన గొప్ప అనుభవం. కాని అన్నిచోట్లా అట్లా లేదు. హోటలు బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అనే మాట తొలగించాలని పెరియార్ అనుయాయులు మద్రాసు నగరంలో 1957లో కూడా ఆందోళన చెయ్యవలసివచ్చింది.

ఈ గోడలు వాటంతట అవి కూలలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి దళితుల ఆత్మగౌరవోద్యమానికి పునాది వేశారు. కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ 1917లో సహపంక్తి భోజనం జరిపి, స్వకులం నుంచే బహిష్కారం అనుభవించారు. కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరా సర్వజన భోజనాలను క్రమం తప్పని కార్యక్రమంగా నడిపారు. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటలు ప్రవేశానికి, 17వ అధికరణంలో అస్పృశ్యతా నిషేధానికి స్థానం లభించింది. 1955నాటి అస్పృశ్యతా నేరాల చట్టం హోటలు ప్రవేశంతో ఆగక, హోటలులోని పాత్రల వాడకాన్ని కూడా పేర్కొన్నది. చట్టం గ్లాసు దాకా, కంచం దాకా దిగిరావలసివచ్చిందంటే వివక్ష ఎక్కడ కాపురముండేదో ఊహించవచ్చు. బర్గరు వచ్చేనాటికి బల్ల సిద్ధంగా వున్నది. దానిని సిద్ధం చేసినవారు కంపెనీలవారు కారు.

బర్గరు పుట్టినచోట దాని కథ వేరు. అమెరికాలో అప్టన్ సింక్లెయిర్ 1906లో ‘ది జంగిల్’ నవల వెలువరించి, చికాగో మాంసపు కర్మాగారాలలో కార్మికులు పడే నరకయాతనను చిత్రించాడు. ప్రజలు కలవరపడ్డారు, కాని వారి కలవరం ప్రధానంగా తాము తినే మాంసాన్ని గూర్చి. ఆ సంవత్సరమే మాంస తనిఖీ చట్టం వచ్చింది. కార్మికుని పరిస్థితి చట్టానికి ఎక్కలేదు. 1921లో కాన్సాస్ రాష్ట్రపు విచిటాలో ప్రారంభమైన వైట్ కాసిల్ సంస్థ, తరిగిన మాంసం మీద జనానికున్న అనుమానం పోగొట్టడానికి తెల్లని గోడలు, మెరిసే ఉక్కు చూపించి, అయిదు సెంట్లకు బర్గరు అమ్మింది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలును కొన్ని నెలలు మూసి, కొత్త పద్ధతిలో తెరిచారు. వడ్డించేవారు లేరు, కంచాలు లేవు, ఫోర్కులు లేవు. పట్టికలో తొమ్మిది పదార్థాలే మిగిలాయి. బర్గరు వెల పదిహేను సెంట్లు. ఒకడు మాంసం కాలుస్తాడు, ఒకడు రొట్టెలో పెడతాడు, ఒకడు కాగితంలో చుడతాడు. ఫోర్డు కార్లను చేసిన పద్ధతి వంటగదిలోకి వచ్చింది. తిండి చవక అయింది. సామాన్య కుటుంబం కూడా హోటలులో తినగలిగింది. అదే సమయంలో వంటవాడి విద్య అతని చేతినుంచి జారి యంత్రాంగంలో కలిసిపోయింది. చేతిలో విద్య లేనివాడిని మార్చడం యజమానికి సులభం.

1996 అక్టోబరులో ఆ కంపెనీ ఢిల్లీలో మొదటి దుకాణం తెరిచినప్పుడు, తన ప్రధానమైన గొడ్డుమాంసాన్ని వదిలిపెట్టి వచ్చింది. శాకాహారానికి వేరు వంటస్థలం, వేరు పనివారు, వారికి ఆకుపచ్చ ఏప్రాన్లు ఏర్పాటయ్యాయి. వ్యాపారదృష్టితో ఇందులో తప్పుపట్టవలసినది లేకపోవచ్చు. కాని మార్కెటు పంక్తిభేదాన్ని తుడిచివేసిందనే మిత్రులు ఒక విషయం గమనించాలి: బల్లల మధ్య చెరిగిన గీత వంటగదిలో మళ్ళీ గీయబడింది. ఏ నిషేధాన్ని గౌరవిస్తే లాభమో మార్కెటుకు తెలుసు. తమ ఇళ్ళలో తినే గొడ్డుమాంసాన్ని దళిత విద్యార్థులు 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పండుగగా వండుకుంటే ఘర్షణ చెలరేగింది. ఆ విద్యార్థులు అడిగిన సమానత్వం ఏ కంపెనీ పట్టికలోనూ లేదు.

కాగితాన్ని గూర్చి కూడా ఒక మాట. అందరికీ ఒకే కాగితం, తిన్నాక చెత్తబుట్టకు. కనుక ఎంగిలి ప్రశ్నే లేదంటారు. నిజమే. కాని తమిళనాడులోని కొన్ని గ్రామాల్లో రెండు గ్లాసుల పద్ధతి చట్టానికి భయపడి, వాడి పారవేసే కప్పుగా రూపం మార్చుకున్న సంగతి కార్యకర్తలు బయటపెట్టారు. వస్తువు దానంతట అది విముక్తి ఇవ్వదు. దానిని వాడే సంబంధాలు మారాలి.

ఇప్పుడు మళ్ళీ మన రహదారికి వద్దాం. బర్గరు బల్ల వున్న నేల ఎవరిది? 1908 మూసీ వరదల తర్వాత నగరరక్షణకు, మంచినీటికి ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను నిర్మాణమయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చిలో 111వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. జలాశయాల నుంచి పది కిలోమీటర్ల లోపల, 84 గ్రామాలలో నిర్మాణాల మీద ఆంక్షలు పడ్డాయి. మొయినాబాదు ప్రాంతం ఇందులోనిదే. ఉత్తర్వు ఉద్దేశం మంచిది. కాని ఆంక్షల భారం మోసినవాడు పొలం తప్ప వేరే ఆస్తి లేని రైతు. ఎండాకాలంలో టమాటా, కూరగాయలు, పూలు నగరానికి పంపిన ఈ నేలలోకి నగరపు ధనం ఫాంహౌసుల రూపంలో చొరబడింది. 2022లో ఆంక్షలను సడలిస్తూ 69వ నెంబరు ఉత్తర్వు వెలువడింది. భూమి బేరం మరింత వేడెక్కింది.

పంట విరగకాసిన సంవత్సరాలలో తెలుగు రైతు టమాటాను రోడ్డు పక్కన పారబోసి ఇంటికి పోయిన దృశ్యం మనకు కొత్తది కాదు. ఆ రోడ్డు పక్కనే బర్గరులో ఒక టమాటా ముక్క కూర్చుంటుంది. పెద్ద కంపెనీల సరుకు శీతలవాహనాలలో దూరప్రాంతాల నుంచి వస్తుంది కనుక, పక్క పొలపు పంటకు ఆ వంటగదిలో చోటుంటుందనే హామీ లేదు. వెనుకటి పంక్తిలో మేకను ఇచ్చినవాడికి చోటు లేదు. నేటి బల్ల దగ్గర పండించినవాడిని ఎవరూ గెంటివెయ్యరు. వెల చూసి అతడే దూరంగా వుంటాడు.

ఇందుకు నిరాశపడవలసిన పని లేదు. 2012 నవంబరులో న్యూయార్కు బర్గరు కార్మికులు కొందరు పని ఆపి వీధికెక్కినప్పుడు చాలామంది నవ్వారు. 2024 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలోని పెద్ద కంపెనీల దుకాణాలలో గంటకు ఇరవై డాలర్ల కనీసవేతనం చట్టమయింది. ఒక కార్మికుని స్థానంలో మరొకరిని సులభంగా నిలబెట్టవచ్చునన్న యజమాని ధీమాకు కార్మికుల ఐకమత్యమే జవాబు చెప్పింది. మెక్‌డొనాల్డ్స్ కంపెనీ 2025లో హైదరాబాదులోనే పెద్ద కార్యాలయం తెరిచింది కనుక, ఆ పోరాటం మనకు దూరదేశపు వార్త కాదు.

కనుక బర్గరు తినవద్దని విద్యార్థులకు ఉపదేశించడం మన పని కాదు. కులం అడగని బల్ల దగ్గర మన పిల్లలు కూర్చోవడం మన ఉద్యమాల ఫలితమే. దానిని కంపెనీల ఖాతాలో రాసి వదులుకోనక్కరలేదు. ఆ సమానత్వం కౌంటరు దగ్గర ఆగిపోయిందని గుర్తించడం మాత్రం మన పని. ఈసారి ఆ దుకాణంలో కూర్చున్నప్పుడు, రొట్టె అందించిన కుర్రవాడిని ఎన్ని గంటలు నిలబడ్డాడో, నెలకు ఎంత ఇస్తున్నారో, అతని ఇంటి పొలం ఏమయిందో అడగండి. అతని జవాబుతోనే పంక్తి చరిత్రలో రాయవలసిన తర్వాతి అధ్యాయం ప్రారంభమవుతుంది.