కప్పా 1.0 టి-జీడీఐ ఇంజిన్

కప్పా 1.0 టి-జీడీఐ అనేది హ్యుందాయ్, కియా సంస్థలు చిన్న కార్లలో వాడుతున్న మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్. సామర్థ్యం 998 సీసీ. భారతదేశంలో ఇది 2019 మే నెలలో హ్యుందాయ్ వెన్యూతో అడుగుపెట్టింది. 2020 సెప్టెంబరులో కియా సోనెట్‌లోనూ వచ్చాక రాయలసీమవాళ్ళకు ఇంకాస్త దగ్గరైంది. సోనెట్ తయారయ్యేది పెనుకొండ మండలం ఎర్రమంచిలోనే. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కియా, 2019 ఆగస్టులో అక్కడి నుంచి తొలి సెల్టోస్‌ను బయటికి తెచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే లెక్కతో ఆ కర్మాగారాన్ని కట్టారు. మన సీమలో తయారైన బండి మన సీమ ఎండకు, మన సీమ ఎక్కుడుకు ఎలా నిలుస్తుందన్నది తెలుసుకోదగ్గ విషయం.

అందుకు నంద్యాల జిల్లా ఆత్మకూరు కంటే మంచి చోటు దొరకదు. ఊరు నల్లమల అంచున ఉంది. పడమరకు వెళ్తే నందికొట్కూరు మీదుగా కర్నూలు దాకా చదును దారి. తూర్పున బైర్లూటి దాటిన దగ్గర నుంచి దోర్నాల వరకు పులుల అభయారణ్యం, మలుపులు, ఎక్కుళ్ళు, దిగుళ్ళు. దోర్నాలలో ఎడమకు తిరిగితే శ్రీశైలానికి మరో 50 కి.మీ. ఘాట్. వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరడం ఇక్కడ మామూలే. ఈ ఇంజిన్ బలమేమిటో, బలహీనత ఎక్కడుందో ఒక్క ప్రయాణంలోనే తెలిసిపోయే దారి ఇది.

నిర్మాణం, కొలతలు

సిలిండరు వ్యాసం 71 మి.మీ., పిస్టన్ నడిచే దూరం 84 మి.మీ. వ్యాసం కంటే నడక పొడవు కాబట్టి తక్కువ వేగంలో లాగే గుణం పుట్టుకతోనే ఉంది. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు. టైమింగ్‌కు బెల్టు కాదు, చైను. సోనెట్, వెన్యూలలో శక్తి 6,000 ఆర్‌పీఎం దగ్గర 120 పీఎస్, టార్క్ 1,500 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా 172 న్యూటన్ మీటర్లు.

ఈ రెండో అంకె ముఖ్యం. అవే కార్లలో వచ్చే 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది 83 పీఎస్, సుమారు 114 న్యూటన్ మీటర్లు. అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని ఘాట్ ఎక్కుతున్నప్పుడు 1.2 బండిని సెకండు గేరులో అరిపిస్తూ ఎక్కించాలి. టర్బో బండి థర్డు గేరులో నిమ్మళంగా ఎక్కేస్తుంది. చదును మీద కర్నూలు వరకు వెళ్ళొచ్చేవాళ్ళకు ఈ తేడా అంతగా తెలియదు. వాళ్ళకు 1.2 చాలు, ఖర్చూ తక్కువ.

పెట్రోలును నేరుగా సిలిండరులోకి, దాదాపు 200 బార్ల ఒత్తిడితో చిమ్ముతారు. పేరులోని జీడీఐకి అర్థం అదే. మామూలు ఇంజెక్షన్‌లో ఒత్తిడి మూడు నాలుగు బార్లే. ఇంజిన్ చప్పుడులో టిక్కు టిక్కుమని సన్నగా వినిపించేది ఈ పంపు, ఇంజెక్టర్ల పని. అది జబ్బు కాదు. బ్లాకుకు, హెడ్డుకు వేర్వేరు థర్మోస్టాట్లు ఉంటాయి. బ్లాకు తొందరగా వేడెక్కితే రాపిడి తగ్గుతుంది, హెడ్డు చల్లగా ఉంటే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి అంటుకుని కొట్టే దెబ్బ) తగ్గుతుంది. ఒకే బండిలో రెండు రకాల వేడిని విడివిడిగా పట్టి ఉంచడం మెచ్చుకోవలసిన పనితనం.

998 సీసీ అనే అంకె వెనక పన్ను లెక్క కూడా ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారును మన దేశంలో చిన్న కారుగా లెక్కగట్టి పన్ను తగ్గిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటిపై జీఎస్టీ 18 శాతం. ఆ హద్దులోనే ఉంటూ పెద్ద ఇంజిన్ బలం రావాలంటే టర్బోయే దారి. ఊహ మాత్రం పాతది. పొగ గొట్టంలో వృథాగా పోయే వేడి గాలితో చక్రాన్ని తిప్పి ఇంజిన్‌కు గాలి కూరే పద్ధతికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. పెట్రోల్ కార్లలోకి అది 1962లో అమెరికాలో వచ్చింది.

తరచూ వచ్చే లోపాలు

వీటిలో చాలా భాగం ఈ ఒక్క ఇంజిన్‌వి కావు, నేరుగా పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజిన్లన్నిటివీ. మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే: వేడి, ఆ వేడిని మోసే ఆయిల్.

మొదటిది టర్బో బేరింగు చెడటం. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని తిప్పే పొగ వేడి పూర్తి లోడులో 900 డిగ్రీలు దాటుతుంది. ఆ ఇరుసును మోసేది సన్నని ఆయిల్ పొర ఒక్కటే. ఎండ వేళ బరువుతో ఎక్కుడు దారి లాగించుకొచ్చి, టీ బంకు కనబడగానే బండి ఆపి టక్కున తాళం తిప్పేశారనుకుందాం. ఇంజిన్ ఆగింది కాబట్టి ఆయిల్ పంపూ ఆగింది. టర్బో ఇంకా కణకణలాడుతూనే ఉంది. బేరింగులో నిలిచిపోయిన ఆ కాస్త ఆయిలూ అక్కడే మాడి, పెనం మీద మాడిన నూనెలా నల్లటి పెచ్చు కడుతుంది. ఒక్కసారితో ఏమీ కాదు. వందసార్లు జరిగితే ఆయిల్ దారి సన్నబడి ఇరుసు అరుగుతుంది. అప్పుడు ఈల లాంటి చప్పుడు, నీలం పొగ, ఆయిల్ తగ్గుదల మొదలవుతాయి. మందు చాలా చవక: చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆపాక ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచడం. టర్బో మార్చే ఖర్చు ముందు ఆ నిమిషం పెట్రోలు లెక్కలోకే రాదు.

రెండోది తక్కువ వేగంలో ముందే అంటుకోవడం. 1,500, 2,000 ఆర్‌పీఎం దగ్గర టాప్ గేరులో యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు, స్పార్కు రాకముందే ఒక చిన్న ఆయిల్, పెట్రోలు బొట్టు అంటుకుని సిలిండరులో దెబ్బ కొడుతుంది. గట్టిగా తగిలితే పిస్టన్ రింగు గాడి చిట్లుతుంది. ఆయిల్‌లోని కాల్షియం రకం శుద్ధి రసాయనాలు దీన్ని పెంచుతాయని తేలాక, 2018 మేలో ఎస్ఎన్ ప్లస్, 2020 మేలో ఎస్‌పీ అనే ఏపీఐ ఆయిల్ తరగతులు దీన్ని అరికట్టేందుకు వచ్చాయి. అందుకే ఈ బండికి డబ్బా మీద ఎస్‌పీ గానీ అంతకంటే కొత్త తరగతి గానీ ఉన్న ఆయిలే పోయాలి. చిక్కదనం బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదే కావాలి. "ఎండ ప్రాంతం కదా, చిక్కటిది పోద్దాం" అని షెడ్డులో చెప్పే పాత సలహా ఇక్కడ పనికిరాదు. ఎక్కుడులో గేరు తగ్గించాలి గానీ ఈడ్పించకూడదు.

మూడోది ఇన్‌టేక్ వాల్వుల మీద మసి. మామూలు ఇంజిన్‌లో పెట్రోలు వాల్వు వెనక చిమ్ముతుంది కాబట్టి వాల్వు తానే కడుక్కుంటుంది. ఇక్కడ ఆ కడుగుడు లేదు. ఇంజిన్ లోపలి నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వు కాడకు అంటి, ఎండి, బొగ్గులా గట్టిపడుతుంది. పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు బండి కాసేపు వణకడం, పికప్ మందగించడం దీని గుర్తులు. ట్యాంకులో పోసే శుద్ధి మందులు ఇంజెక్టరుకు మేలు చేస్తాయేమో గానీ వాల్వు దాకా వెళ్ళవు. మానిఫోల్డు విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడమే సరైన పద్ధతి.

ఇక ఊరి లోపాలు. కోతల కాలంలో రోడ్ల మీదే మొక్కజొన్న, జొన్న ఆరబోస్తారు. ఆ దుమ్మూ పొట్టూ బండి ముందున్న ఇంటర్‌కూలరు (టర్బో పంపే గాలిని చల్లబరిచేది), రేడియేటరు రెక్కల్లో ఇరుక్కుంటాయి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలచన. దాని మీద ఇంటర్‌కూలరు కూడా పూడిపోతే కంప్యూటరు నాకింగ్‌కు భయపడి స్పార్కును వెనక్కి జరుపుతుంది, బండి లాగడం మానేస్తుంది. చాలాసార్లు ఇంజిన్ చెడిందనుకున్నది నీళ్ళతో మెల్లగా కడిగితే బాగవుతుంది. కూలెంటు తగ్గితే బోరు నీళ్ళు పోయడం మాత్రం పెద్ద తప్పు. మన బోరు నీళ్ళలోని సున్నం అల్యూమినియం హెడ్డు దారుల్లో పేరుకుంటుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు వెళ్ళే హోస్ పైపు క్లిప్పు వదులైనా పికప్ పోతుంది. ముందు దాన్ని చూసి, ఆ తర్వాతే స్కానర్ పెట్టాలి. ట్యాంకు అడుగంటేదాకా నడపడమూ మంచిది కాదు. లోపలి పంపును చల్లబరిచేది పెట్రోలే. అడవిలోకి వెళ్ళేముందు ఆత్మకూరులోనే నింపుకోవాలి.

ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్న బండికి మరో జాగ్రత్త కావాలి. ఇందులోనిది పొడి క్లచ్చు. శివరాత్రి రోజుల్లో శ్రీశైలం ఘాట్‌లో బండ్ల వరుస అడుగులో అడుగు వేస్తుంటే, బ్రేకు బదులు యాక్సిలరేటరుతో ఎక్కుడు మీద నిలబెట్టేవాళ్ళు క్లచ్చును మాడుస్తున్నట్టే. ముందు బండికి దూరం ఇచ్చి, ఒక్కసారి కదిలి, మళ్ళీ బ్రేకు మీద నిలవాలి. ఆ దారిలో తరచూ తిరిగేవాళ్ళకు క్లచ్ పెడల్ లేని ఐఎంటీ మేలని నా అభిప్రాయం. గేరు మన చేతిలోనే ఉంటుంది.

ఏ ఇంధనం పొసగుతుంది

2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలుకు తగినట్టు వచ్చాయి. అంతకుముందువి ఇ10కు అమర్చినవి. ఇథనాల్ వల్ల ఆక్టేను పెరుగుతుంది. మామూలు బీఎస్6 పెట్రోలుకు కనీసం 91, ఇ20కి 95. ఇథనాల్ సిలిండరును చల్లబరుస్తుంది కూడా. నాకింగ్ విషయంలో టర్బోకు ఇది మేలే. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి ఇ20లో లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, మైలేజీ ఆ మేరకు పడిపోతుంది. పాత బండివాళ్ళు రబ్బరు పైపులు, సీళ్ళు ప్రతి సర్వీసులో చూపించుకోవాలి.

ఈ ఇంజిన్‌కు కంపెనీ సీఎన్‌జీ ఇవ్వలేదు. టాటా నెక్సాన్ 2024లో టర్బోతోనే సీఎన్‌జీ తెచ్చింది గానీ అందులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతి లేదు. జీడీఐలో ఇంజెక్టరు మొన మంటలోనే ఉంటుంది. పెట్రోలు పారకుండా గ్యాసు మీదే నడిపితే దాన్ని చల్లబరిచేది ఉండదు. బయట కిట్టు వేయించుకోవద్దు.

విడిభాగాలు, మార్పిళ్ళు

ఇదే ఇంజిన్ వెన్యూ, సోనెట్, ఐ20, వెర్నా, కియా సైరోస్‌లలో 120 పీఎస్‌తో వచ్చింది. గ్రాండ్ ఐ10 నియోస్, ఆరాలలో 100 పీఎస్‌తో. ఆ రెండింటిలోనూ టార్క్ 172 న్యూటన్ మీటర్లే. ఇంజిన్ ఒకటే అయినా కంప్యూటరు, వైరింగు, గేర్‌బాక్సు అమరిక బండి బండికీ మారతాయి. ఇమ్మొబిలైజరు తాళం కోడు కూడా కలవాలి. కాబట్టి పాత సామాను కొట్టులో టర్బో గానీ ఇంజెక్టరు గానీ కొనేముందు బండి పేరు కాదు, పార్టు నంబరు సరిచూడాలి. సెల్టోస్‌లో వచ్చిన 1.4 (1,353 సీసీ, 140 పీఎస్), దాని స్థానంలో 2023లో వచ్చిన 1.5 (1,482 సీసీ, 160 పీఎస్) నాలుగు సిలిండర్లవి. పేరులో టి-జీడీఐ ఉన్నంత మాత్రాన వాటి భాగాలు దీనికి పనికిరావు.

1.2 ఇంజిన్‌కు టర్బో తగిలించవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. పిస్టన్, ఇంజెక్షన్, కూలింగ్, కంప్యూటరు అన్నీ వేరు కాబట్టి కుదరదు. ఇంజిన్ మొత్తం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర చిక్కు వస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. ఇంటర్‌కూలరు హోస్ విప్పించి లోపల వేలు పెట్టి చూడండి: సన్నటి జిడ్డు మామూలే, ఆయిల్ కారితే టర్బో పోయినట్టే. ఆ తర్వాత సర్వీసు పుస్తకం అడగండి. కంపెనీ చెప్పిన గడువు 10,000 కి.మీ. లేదా ఏడాది, దుమ్ము, ఘాట్ దారుల్లో తిరిగే బండికి అంతకంటే ముందే ఆయిల్ మార్చి ఉండాలి. ఆ తేదీలు చూపించలేని టర్బో బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.