ఒకే ఇరుసు మీద



ఏటికొప్పాక లక్కబొమ్మను, చన్నపట్నం బొమ్మను మీరంతా చూసే ఉంటారు. ఆ గుండ్రదనం తరిమెన పెట్టిన భిక్ష. తరిమెన అంటే లేతు. తమిళంలో ఈ పనిని కడైసల్ అంటారు. కొయ్య పనికి చేతిలో ఉలి, కంటి అంచనా చాలు. ఇనుముకు మాత్రం అవి చాలవు. ఎందుకు చాలవో చెప్పేదే ఇవాళ్టి కథ.

18వ శతాబ్దం చివరిదాకా లోహం తరిమెన మీద కూడా ఉలిని చేత్తో పట్టుకునే పనివాళ్లే ఎక్కువ. చెయ్యి వణికితే పని వంకర. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అనే పనివాడు 1800 ప్రాంతంలో ఉలిని చేతిలోంచి తీసి, ఇనుప జారుడుపీట మీద బిగించాడు. పొడవాటి మరసీల, పళ్లచక్రాలు దాన్ని సమంగా జరుపుతాయి. ఈ భాగాలు అంతకుముందు విడివిడిగా ఉన్నవే. వాటిని ఒక గట్టి యంత్రంగా కూర్చడం ఆయన గొప్ప. ఆయన కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు.

మన వైపు చూద్దాం. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలైంది. కోయంబత్తూరు మిల్లులకు, బావులకు కరెంటు అందింది. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు పీళమేడులో మోటారు తయారుచేశారు. ఇద్దరూ మన తెలుగువారే. ఆ తరువాతి కాలంలో ఆ ఊళ్లో ఇంటి పెరళ్లలో కూడా లేతులు తిరిగాయి.

అలాంటి పెరడే మా మేనమామది. సెలవుల్లో నేను అక్కడ చెయ్యి కలిపేవాణ్ణి. ఒకసారి ఒక రైతు మోటారు తెచ్చాడు. అరటితోట ఎండిపోతోంది. మోటారుకు రెండు పక్కలా మూతలుంటాయి. వాటిలో బేరింగులు కూర్చుంటాయి. ఒక మూత విరిగింది. కొత్తదానికి నేను బేరింగు రంధ్రం తొలిచాను. చక్కులోంచి తీసి, తిప్పి పట్టి, మోటారు ఒంట్లో ఇమిడే అంచును చెక్కాను. రెండు కొలతలూ సరిగ్గా వచ్చాయి. బిగించి మీట వేస్తే లోపల గరగరమని రాపిడి!

మామ చూసి, “ఒరే, కొలత తప్పలేదు, నడిమి తప్పింది” అన్నాడు. చక్కులోంచి తీసి మళ్లీ పట్టేసరికి నడిమి కాస్త జరిగింది. తిరిగే రోటరుకు, చుట్టూ ఉన్న స్టేటరుకు మధ్య సందు మిల్లీమీటరులో కొంత భాగమే. అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా ఎక్కువే. ఆ మూత తుక్కులో పడింది. రాత్రంతా మామ ఇంకొకటి చేశాడు. రంధ్రం, అంచు రెండూ ఒకే పట్టులో, మధ్యలో విప్పకుండా. తెల్లారేసరికి తోటకు నీళ్లు.

మీ పిల్లలు లేతు పట్టుకుంటే మూడు మాటలు చెప్పండి. ఒకటి, ఒకే నడిమి ఉండాల్సినవన్నీ ఒకే పట్టులో చెక్కాలి. రెండు, మళ్లీ పట్టక తప్పకపోతే నాలుగు దవడల చక్కులో పట్టి డయలు గేజీతో చూడాలి. ముల్లు మొత్తం ఎంత ఊగితే నడిమి అందులో సగం జరిగినట్టు. మూడు, రెండు సెంటర్ల మధ్య కడ్డీని పట్టి, ఉలిని మార్చకుండా రెండు కొసలా సన్నగా చెక్కి మైక్రోమీటరుతో కొలవాలి. టెయిల్‌స్టాకు కొస నూటికి నాలుగు వంతుల మిల్లీమీటరు లావుగా ఉందనుకోండి. టెయిల్‌స్టాకును అందులో సగం, అంటే రెండు వంతులు, ఉలివైపు జరపాలి.

ఇంగ్లండులో మాడ్‌స్లే కార్ఖానాలోనైనా, పీళమేడు పెరట్లోనైనా సూత్రం ఒక్కటే. యంత్రాన్ని నమ్మే ముందు దాన్ని పరీక్షించాలి. ఆ పరీక్షను ఓపికగా చేసిన చేతుల వల్లే మన బావుల్లో నీళ్లు పైకొచ్చాయి.