నంబర్ ప్లేటులో లేని జడ్

మా నాన్న ఆర్టీసీలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైరయ్యాడు. హైదరాబాదులోని ఒక డిపో గ్యారేజీలో ముప్ఫయ్యేళ్లు డీజిల్ ఇంజన్ల కింద పడుకుని పనిచేసిన మనిషి. బస్సు గేటు దాటి లోపలికొస్తుంటే పొగ చూసి రోగం చెప్పేవాడు. నల్లపొగ అయితే ఇంజన్‌కి గాలి చాలట్లేదు, లేదా ఇంజెక్టర్ డీజిల్ ఎక్కువ పోస్తోంది. నీలంపొగ అయితే ఆయిల్ కాలుతోంది, రింగులు అరిగాయి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఇదేమీ పుస్తకంలో చదివింది కాదు, సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకున్నది.

2019లో ఒకసారి ఆయన్ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాల్సి వచ్చింది. కావాలనే పుష్పక్ ఎలక్ట్రిక్ బస్సు కోసం ఆగాను. ఆ ఏడాది మార్చిలోనే అవి రోడ్డెక్కాయి, మొత్తం 40. బ్యాటరీ గురించీ మోటారు గురించీ నేను చదువుకున్నదంతా చెప్పాలని ఉబలాటం. ఆయన నా మాట వినలేదు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, నంబర్ ప్లేటు దగ్గర ఆగాడు.

"దీనికి జడ్ లేదు రా. ఇది మన బండి కాదు."

చాదస్తం అనుకున్నాను. ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో తర్వాత చదువుతుంటే తెలిసింది.

హైదరాబాదులో పెరిగిన వాళ్లకి జడ్ కథ తెలిసే ఉంటుంది. ఆర్టీసీ సొంత బస్సుల నంబర్లలో జడ్ అక్షరం ఉంటుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టించాడని చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ అక్షరం చేసే పని ఒకటుంది. ఈ బండి సంస్థది అని రోడ్డు మీద అందరికీ చెబుతుంది. అద్దె బస్సుకి జడ్ ఉండదు. రంగు అదే, బోర్డు అదే, టికెట్ అదే, జడ్ మాత్రం ఉండదు. మనం పట్టించుకోం కానీ డిపో వాళ్ల కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి.

నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలైంది 1932 జూన్‌లో. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నడిపింది నిజాం స్టేట్ రైల్వేలో భాగమైన రోడ్డు రవాణా శాఖ. నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది ఆ రైల్వే అన్న మాట. కోస్తా జిల్లాల్లో బస్సులు చాలాకాలం ప్రైవేటు యజమానుల చేతుల్లోనే నడిచాయి. ఇక్కడేమో రైళ్లు నడిపేవాళ్లే బస్సులూ నడిపారు. పట్టా, ఇంజన్, వర్క్‌షాప్, డ్రైవరు, టైంటేబుల్ అన్నీ ఒకే ఇంటివిగా ఉండటం రైల్వేకి అలవాటు. బస్సుకీ అదే అలవాటు అబ్బింది. 1951లో ఈ శాఖ రైల్వే నుంచి విడిపోయినా, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయినా, ఆ పద్ధతి పోలేదు. తర్వాతి కాలంలో అద్దె బస్సులు వచ్చాయి, నిజమే. అవి కూడా డీజిల్ బండ్లే కాబట్టి వాటి సుస్తీ మా నాన్నకి తెలియనిది కాదు.

ఎలక్ట్రిక్ బస్సు దగ్గర ఆ పద్ధతి మారింది. ఇప్పుడు నడుస్తున్న ఒప్పందం ఏమిటంటే, బస్సు కొనేది కంపెనీ. దానికి కేంద్ర పథకం కింద సబ్సిడీ వస్తుంది. డ్రైవరూ రిపేరు చేసేవాళ్లూ కంపెనీ మనుషులే. ఆర్టీసీ డిపోలో చోటిస్తుంది, రూటు చెబుతుంది, టికెట్ డబ్బులు తీసుకుంటుంది, తిరిగిన కిలోమీటరుకి ఇంత అని కంపెనీకి కడుతుంది. అంటే సంస్థ బస్సుల్ని కొనడం మానేసి కిలోమీటర్లని కొంటోంది.

ఇందులో కుట్రేమీ లేదు. ఎలక్ట్రిక్ బస్సు ధర డీజిల్ బస్సుకి కొన్ని రెట్లు. బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందో కొనే రోజున కచ్చితంగా చెప్పలేం. నష్టాల్లో ఉన్న సంస్థ ఆ భయాన్ని కంపెనీ నెత్తిన పెట్టాలనుకోవడం తెలివైన పనే. పైగా ఈ భయం నిన్నామొన్నటిది కాదు. నూరేళ్ల కిందట లండన్‌లో ఏం జరిగిందో చూస్తే అర్థమవుతుంది.

1907 జులై 15న లండన్ ఎలక్ట్రోబస్ కంపెనీ విక్టోరియా స్టేషన్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ దాకా బ్యాటరీ బస్సులు మొదలుపెట్టింది. అప్పటి పెట్రోలు బస్సులంటే మోత, కంపు. వాటి మధ్య ఇది చప్పుడు లేకుండా వెళ్లేసరికి జనానికి నచ్చింది. బ్యాటరీ బరువు టన్నున్నర. ఒకసారి చార్జ్ చేస్తే అరవై కిలోమీటర్ల దాకా నడిచేది. చార్జింగ్ అయిపోతే గ్యారేజీలో పాతది లాగేసి, నిండినది మూడు నిమిషాల్లో ఎక్కించేవాళ్లు. ఈ రోజు మన స్టార్టప్‌లు బ్యాటరీ స్వాపింగ్ అని కొత్తగా చెబుతున్నది ఇదే.

మరి ఎందుకు మూతబడింది? బ్యాటరీ వల్ల కాదు. 1906లో షేర్లు అమ్మేటప్పుడు గొప్పగా చెప్పిన పేటెంటు వట్టిదని పత్రికలు బయటపెట్టాయి. మదుపరులు డబ్బు వెనక్కి అడిగారు. బస్సులు కొనాల్సిన సొమ్ము ప్రమోటర్ల జేబుల్లోకి జారిపోయింది. ఇరవై బస్సులు దాటకుండానే 1910 కల్లా దుకాణం కట్టేశారు. వాటిలో కొన్నిటిని బ్రైటన్‌లో ఇంకొన్నాళ్లు నడిపారు. బండి మంచిదే, బండి వెనకున్న కాగితాలే చెడ్డవి.

అందుకే నేను ఎలక్ట్రిక్ బస్సుని చూసినప్పుడు మోటారు కంటే ముందు కాగితాల గురించి ఆలోచిస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో సొంత సర్వర్ రూమ్ తీసేసి అంతా క్లౌడ్‌కి మార్చాం. ఎంత ఆదా అవుతుందో చూపించే స్లైడు చేసింది నేనే. ఆ నిర్ణయం సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ రెండేళ్లయ్యాక ఒక రాత్రి సిస్టం నెమ్మదించినప్పుడు, లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగినవాళ్లు మా టీములో ఒక్కరూ లేరు. టికెట్ రైజ్ చేసి కూర్చున్నాం. సర్వర్ రూమ్ చూసుకున్న మనిషి అప్పటికే వెళ్లిపోయాడు. ఆయనతో పాటే ఆయనకి తెలిసిందీ వెళ్లిపోయింది. స్లైడులో దానికి గడి పెట్టలేదు నేను.

ఆర్టీసీ కథలో ఒక విచిత్రం ఉంది. పుష్పక్ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చిన 2019లోనే, అక్టోబరు 5న తెలంగాణ కార్మికులు సమ్మెకి దిగారు. 52 రోజులు. సంస్థని ప్రభుత్వంలో కలపాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. తెలంగాణ శాసనసభ విలీనం బిల్లుని 2023 ఆగస్టులో ఆమోదించింది. అవే సంవత్సరాల్లో, 2022 సెప్టెంబరులో, తిరుమల ఘాట్‌కి ఇచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు కంపెనీ ఒప్పందం మీదే వచ్చాయి. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకి 2,000 బస్సులు కేటాయించింది. అవీ అదే దారి. మనుషులు ప్రభుత్వం వైపు వెళ్తుంటే బండ్లు కంపెనీల వైపు వెళ్తున్నాయి.

సొంతంగా కొంటేనే బాగుపడతామని నేను అనడం లేదు. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా తన 16,359 బస్సులనీ ఎలక్ట్రిక్ చేసింది. అక్కడా చాలా బస్సుల్ని లీజుకే తీసుకున్నారు. కాకపోతే నడిపింది మాత్రం ఆ ఊరి బస్సు సంస్థలే. బస్సు ఎవరి పేరు మీద ఉందన్నదానికన్నా, బస్సు గురించిన తెలివి ఎవరి దగ్గర పోగవుతోందన్నది నాకు ముఖ్యంగా తోస్తోంది.

మా నాన్న డిపోలో కేఎంపీఎల్ అంటే దేవుడితో సమానం. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్న లెక్క. బాగా తెచ్చిన డ్రైవరుకి మెచ్చుకోలు, తేని డ్రైవరుకి చీవాట్లు. ఆ లెక్క వల్లే ఏ బండికి ఏ రూటు సరిపడదో, ఏ ఇంజన్ అలసిపోయిందో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఆ లెక్క యూనిట్లలో ఉంటుంది. మే నెల ఎండకి బ్యాటరీ ఎంత తగ్గింది, ఏసీ ఎంత తిన్నది, ఏ ఫ్లైఓవర్ ఎక్కితే ఎంత ఖర్చయింది, అన్నీ నిమిష నిమిషానికీ నమోదవుతాయి. పన్నెండేళ్ల ఒప్పందం ముగిసే రోజున ఆ నమోదంతా ఎవరి చేతుల్లో మిగులుతుంది? హై వోల్టేజి పని తెలిసిన మెకానిక్ ఒక్కడైనా ఆర్టీసీ జీతం మీద ఉంటాడా? 2,000 బస్సుల ఒప్పందాల్లో ఈ రెంటికీ చెరో పేరా ఉండాలని నా కోరిక. బ్యాటరీ వివరాలు సంస్థకి అందాలి. సంస్థ మెకానిక్‌లు కంపెనీ వాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకోవాలి.

డీజిల్ మీద నాకు మమకారమేమీ లేదు. పొగని చదవడం నేర్చుకున్న మా నాన్న ముప్ఫయ్యేళ్లూ ఆ పొగనే పీల్చాడు. ఇంటికొచ్చాక ఎంతసేపు దగ్గేవాడో నాకు తెలుసు. ఆ రోజు బస్సులో కూడా ఆయన సంతోషంగానే కూర్చున్నాడు. ఏసీ బాగుందన్నాడు, కుదుపు లేదన్నాడు. ఆరాంఘర్ దాటాక అడిగాడు.

"పొగ లేదు, సప్పుడు లేదు. మరి బండికి ఏమన్న అయితే ఎట్ల తెలుస్తది?"

"అంతా కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది నాన్నా."

"మంచిదే. ఆ స్క్రీన్ ఎవలు సూస్తరు, మనోళ్లా, ఆళ్లా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. శంషాబాద్ వచ్చేసింది, దిగిపోయాం.